చిట్టి పరిగె... గట్టి బలం!

కొల్లేటి సీమ నుంచి రోజూ లారీల కొద్దీ చేపలు ఊళ్లు దాటి, రాష్ట్రాలు దాటి వెళ్లిపోతాయి. లారీ ఎక్కకుండా మిగిలిపోయేవి అరచేతిలో ఇమిడే చిన్న చేపలు. కాటా మీద వాటికి విలువ లేదు. కంచంలో మాత్రం ఎముకకీ, కంటికీ, నెత్తురుకీ కావలసిన బలం వాటిలోనే ఎక్కువ. ఆ బలం కథ తెలుసుకోవాలంటే కొల్లేటి గట్ల వెంట ఓసారి తిరిగి రావాల్సిందే.

ఇంకా పూర్తిగా తెల్లవారదు. ఆకివీడు, కైకలూరు దారుల్లో ఐసు ఫ్యాక్టరీలు మాత్రం అప్పటికే నిద్రలేచి ఉంటాయి. దిమ్మల్ని మరలో వేసి పొడికొడుతుంటే గరగరమని ఒకటే శబ్దం. చెరువుల మీద నుంచి వ్యాన్లు వచ్చి ఆగుతాయి. లోపల బొచ్చెలు, శీలావతులు. ఒక్కొక్కటీ మోచేతి పొడవుంటుంది. కాటా వేసేవాళ్లు కాటా వేస్తుంటే, రాసుకునేవాళ్లు రాసుకుంటుంటారు. ప్లాస్టిక్ ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్లీ ఒక వరస ఐసు. అలా నింపిన ట్రేలు లారీ ఎక్కుతాయి. ఎండ ముదిరేలోగా లారీ హైవే ఎక్కేస్తుంది. దాని గమ్యం కోల్‌కతా కావచ్చు, సిలిగురి కావచ్చు, ఇంకా పైన గువాహటి కావచ్చు.

అదే రోడ్డుకి అవతలి పక్క ఇంకో బేరం నడుస్తుంటుంది. దానికి ఐసు అక్కర్లేదు, లారీ అక్కర్లేదు. గోనెపట్టా పరుచుకుని నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. ముందు సిల్వరు బేసిన్లు. వాటిలో వెండిరేకుల్లా తళతళలాడే పిత్తపరిగెలు. వాటి మధ్య ఓ జెల్ల, రెండు మట్టగిడసలు, పాముపిల్లల్లా మెలికలు తిరిగే నాలుగు బొమ్మిడాయిలు. ఇక్కడ కాటా కూడా ఉండదు. చేత్తో తీసి పోగులు పెడతారు.

''అక్కా, ఈ పోగెంత?''

''తీసుకోమ్మా, నీకెక్కువ చెబుతానా? ఇంకో గుప్పెడు వేస్తాలే.''

రోడ్డుకి ఇటు ఉన్నది కోట్ల వ్యాపారం. అటు ఉన్నది గుప్పెడు బేరం. కానీ పోషకాహార నిపుణుణ్ణి తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టి, 'పసిపిల్ల తల్లి ఏది కొనుక్కుంటే మంచిది?' అని అడిగితే ఆయన అటువైపు కూడా వేలు చూపిస్తాడు. ఆ ఒక్క వేలు వెనక పెద్ద కథే ఉంది.

రెండు నదుల మధ్య ఓ పళ్లెం

మ్యాపులో చూస్తే కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న లోతు తక్కువ పళ్లెంలా ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు... ఇలా ఏర్లూ, డ్రెయిన్లూ తెచ్చిన నీళ్లన్నీ ఇందులోకి చేరతాయి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలంలో సరస్సు ఒళ్లు విరుచుకుని పొలాల మీదికి వస్తుంది. ఎండాకాలంలో ముడుచుకుపోతుంది. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటైన కొల్లేరుకి ఈ పెరగడం, తరగడమే ప్రాణం.

నీళ్లు పొలాల మీదికి వచ్చినప్పుడు చేపలూ వస్తాయి. కొత్తనీటిలో గుడ్లు పెడతాయి. బోదెల్లో, గడ్డి దుబ్బుల్లో, వరిమళ్లలో పిల్లలు పెరుగుతాయి. నీరు తగ్గేటప్పుడు మళ్లీ సరస్సు దారి పడతాయి. ఆ దారికి అడ్డంగా వెదురు బద్దలతో అల్లిన మావులు పెట్టి చేపల్ని పట్టడం లంక గ్రామాల వాళ్లకి తాతల నాటి విద్య. లోతు లేనిచోట ఊత వేసి, పైనుంచి చెయ్యి దూర్చి తీస్తారు. లోతున్నచోట తాటిదోనె మీద నిలబడి విసురు వల విసురుతారు.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో సరస్సు మధ్యగా ప్రయాణం చేస్తే ఈ లోకం కొంత ఇప్పటికీ కనిపిస్తుంది. గుర్రపుడెక్క తేలే నీళ్లు, కొంగలు, దూరంగా దోనెలో ఓ మనిషి నీడ. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణ మాసంలో జాతరకి జనం వెల్లువలా వస్తారు. కైకలూరు పక్కనున్న ఆటపాకలో చెట్ల మీద గూడబాతులు కాపురం పెడతాయి. అంత పెద్ద ముక్కు, దాని కింద అంత పెద్ద సంచి. ఆ సంచి నిండేది కూడా ఈ నీళ్లలోని చేపలతోనే. పక్షికైనా మనిషికైనా కొల్లేరు పెట్టిన కూడు ఒకటే.

అలాంటి కొల్లేట్లో 1970ల చివర్లో ప్రభుత్వమే సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. లాభం కనిపించింది. తర్వాత వ్యాపారులు దిగారు. చూస్తుండగానే సరస్సు గట్లుగా, గళ్లుగా మారిపోయింది. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యంలోని చెరువు గట్లను పేల్చి, తవ్వి తొలగించారు. ఆ తర్వాతి ఏళ్లలో కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేచాయి. సరస్సు వెలుపల వరిపొలాలు చెరువులుగా మారడం కూడా ఆగలేదు.

పెంచేది ఇక్కడ... తినేది అక్కడ!

ఇదంతా తిట్టిపోయాల్సిన కథేం కాదు. ఆ చెరువులే దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ను మొదటి స్థానంలో నిలబెట్టాయి. తవుడు, చెక్క కలిపి సంచుల్లో నింపి, సంచికి చిల్లులు పెట్టి, నీళ్లలో కర్రలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి సంచిని పొడుచుకుని తింటాయి. మేత వృథా కాదు. ఈ కిటుకు కనిపెట్టింది పుస్తకాలు చదివిన వాళ్లు కాదు, ఇక్కడి రైతులే. బొచ్చె, శీలావతి, మోసు... వీటికి రూప్‌చంద్, పంగస్ తోడయ్యాయి. వేలమందికి పని దొరికింది.

చిత్రమేమిటంటే, ఇంత పండించే రాష్ట్రంలో తినేది తక్కువ. చెరువు చేపల్లో సింహభాగం బయటి రాష్ట్రాలకే పోతుంది. బెంగాలీ వాళ్లింట్లో మధ్యాహ్నం పళ్లెంలో కనిపించే రుయి ముక్క చాలాసార్లు కొల్లేటి గట్టు మీద నుంచి వెళ్లిన శీలావతే. ఇక్కడి ఊళ్లలో ఆదివారం వస్తే కోడికూర ముందు గుర్తొస్తుంది. చేపంటే ముల్లు భయం, వాసన భయం, శుభ్రం చేసే ఓపిక లేకపోవడం. మృగశిర కార్తె రోజున మాత్రం తెలంగాణ, ఆంధ్ర అని లేకుండా మార్కెట్లు కిటకిటలాడతాయి. ఆ ఒక్కరోజు గడిచిందా, మళ్లీ మామూలే. ఈ సంగతి గమనించే 2021లో రాష్ట్ర ప్రభుత్వం 'ఫిష్ ఆంధ్ర' పేరుతో దుకాణాలు తెరిపించి స్థానికంగా చేపల వాడకం పెంచాలని ప్రయత్నించింది.

మరోవంక ఇంకో లెక్క ఉంది. 2019-20లో రాష్ట్రంలో జరిగిన అయిదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అయిదేళ్లలోపు పిల్లల్లో ప్రతి పదిమందికీ ఆరుగురిది అదే పరిస్థితి. ఓ పక్క దేశానికి చేపలు పెట్టే రాష్ట్రం. ఇంకో పక్క పాలిపోయిన తల్లులు, పిల్లలు. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

చెరువు చేపలో ఏముంది?

సముద్రపు చేపకున్నంత పేరు మంచినీటి చేపకు లేదు. 'ఒమేగా-3 అంతా సముద్రంలోనే ఉంది' అన్నది చాలామంది నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. నూనె ఎక్కువుండే కవళ్లు, కానాగంతలతో పోలిస్తే చెరువు చేపలో ఆ కొవ్వు ఆమ్లాలు తక్కువే. అయోడిన్ కూడా సముద్రపు చేపలోనే ఎక్కువ. అలాగని చెరువు చేపని తీసిపారేయనక్కర్లేదు.

వంద గ్రాముల బొచ్చె, శీలావతి కండలో ఇంచుమించు 16 నుంచి 19 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ వాటిలో ఉంటాయి. అన్నంలో కొరతపడే లైసిన్ పుష్కలం. కొవ్వు తక్కువ. మాంసంలోలాగా గట్టి పీచు, పొరలు ఉండవు కాబట్టి ముసలివాళ్లకీ, పిల్లలకీ తేలిగ్గా అరుగుతుంది. మొక్కల నుంచి దొరకని బి12 విటమిన్ ఉంటుంది. సెలీనియం, భాస్వరం ఉంటాయి. చేప చేసే ఇంకో మేలు చాలామందికి తెలియదు. కంచంలో చేప ఉంటే పక్కనున్న ఆకుకూర, పప్పులోని ఇనుమును కూడా ఒంటికి ఎక్కువగా పట్టిస్తుంది.

కొర్రమీనుది ప్రత్యేకమైన పీట. కండ గట్టిగా ఉంటుంది, సన్నముళ్లు ఉండవు. అందుకే దానికి అంత ధర. తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా ఎంచుకుంది. ఆపరేషన్ అయినవాళ్లకీ, బాలింతలకీ కొర్రమీను పెట్టడం మన దగ్గరే కాదు, ఇండోనేసియా, మలేసియాల్లోనూ ఉన్న అలవాటే. దాన్లోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తి గాయాలు మానడానికి ఎంతవరకు పనికొస్తుందో అక్కడి శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు. మార్పు, ఇంగిలికం, గొరక కూడా కొర్రమీను లాగే పైకొచ్చి గాలి పీల్చుకునే చేపలు. నీళ్లలోంచి తీసినా కొన్ని గంటలు బతుకుతాయి. ఐసు లేని రోజుల్లో జబ్బు మనిషికి తాజా చేప పెట్టాలంటే వీటిని కుండలో నీళ్లు పోసి ఉంచేవాళ్లు. తాజాదనమే వైద్యంలో సగం!

అయితే ఈ పెద్ద చేపలన్నింటికీ ఒక పరిమితి ఉంది. తినేది కండ ఒక్కటే. ముల్లు పక్కన పెట్టేస్తారు. పేగులు, కాలేయం బయట పారేస్తారు. కాల్షియం ముల్లుతో పోతుంది. విటమిన్-ఎ లోపలి భాగాలతో పోతుంది. కంచంలో మిగిలేది మంచి మాంసకృత్తే. కానీ పెరిగే పిల్లకీ, కడుపుతో ఉన్న తల్లికీ అదొక్కటే చాలదు.

పరిగె దగ్గర ఆ సమస్య లేదు. ఎందుకంటే దాన్ని తలకాయతో, ముల్లుతో, కళ్లతో సహా తినేస్తారు.

బెంగాలీ తల్లులు చెప్పిన మాట

ఈ తేడాని లెక్కలతో లోకానికి చూపించింది ఒక మహిళ. పేరు శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్. పుట్టింది ట్రినిడాడ్‌లో. పూర్వీకులు భారతదేశం నుంచి అక్కడికి వలస వెళ్లినవాళ్లు. ఆమె 1980ల్లో బంగ్లాదేశ్‌లో పోషకాహార లోపంతో ఆస్పత్రికి వచ్చే పిల్లల మధ్య పనిచేశారు. పల్లెల్లోని తల్లులు ఆమెకు తరచూ ఒక మాట చెప్పేవారు. చిన్న చేపలు తింటే బలం వస్తుందనీ, కళ్లకు మంచిదనీ. చాలామంది దాన్ని పల్లెటూరి నమ్మకమని కొట్టిపారేసేవాళ్లు. ఆమె ఆ చేపల్ని ప్రయోగశాలకు పట్టుకెళ్లారు.

అక్కడ ముందు తేలింది 'మొలా' అనే చేప గొప్పదనం. వేలెడంత కూడా ఉండని వెండిరంగు చేప. పశ్చిమ బెంగాల్లో మౌరలా అంటారు. కొల్లేటి శీలావతిని కొనే బెంగాలీ బజారులోనే అదీ అమ్ముతారు. వంద గ్రాముల మొలాలో విటమిన్-ఎ 2,500 మైక్రోగ్రాములకు పైగా ఉందని తేలింది. మూడేళ్ల లోపు పిల్లకి రోజంతటికీ కావలసింది 400 మైక్రోగ్రాముల దరిదాపుల్లోనే. అదే వంద గ్రాముల శీలావతి కండలో 30 మైక్రోగ్రాములు కూడా ఉండదు. మొలాలో ఆ విటమిన్ ఎక్కడ దాగి ఉందంటే... కళ్లలోనూ, పొట్టభాగంలోనూ! తల తుంచి, పొట్ట చీరి పారేస్తే విటమిన్ కూడా చెత్తబుట్టలోకే. కాల్షియం 800 మిల్లీగ్రాముల పైచిలుకు. ఇనుము, జింకు సరేసరి.

మన పరిగెల్లాంటి చేపలనూ అక్కడ పరీక్షించారు. అన్ని చిన్న చేపలూ ఒకటి కాదని తేలింది. పరిగె జాతుల్లో విటమిన్-ఎ మొలాలో ఉన్నంత లేదు. కానీ ముల్లుతో సహా తింటే కాల్షియం మాత్రం దాదాపు పాలతో పోటీపడే రకం. వంద గ్రాముల పాలల్లో సుమారు 120 మిల్లీగ్రాములుంటే, వీటిలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఇంకొన్ని చిన్న చేపల్లో ఇనుము ఎక్కువ. అందుకే ఒకే రకం కాకుండా, వలలో పడ్డవన్నీ కలిపి వండుకునే కలగలుపు పులుసుకు అంత విలువ. లంకల్లో ఆడవాళ్లు కావాలని కాకపోయినా ఎప్పుడూ చేస్తూ వచ్చింది అదే.

ఈ కృషికి 2021లో థిల్‌స్టెడ్‌కు ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. ఆసియా మూలాలున్న మహిళకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. పల్లెటూరి తల్లులు చెప్పిన మాటని కొట్టిపారేయకుండా పరీక్షించి చూసినందుకు దక్కిన గౌరవం అది.

రాతి మీద రుద్ది... దాకలో కాచి

కొల్లేటి లంకలో పరిగెలు బాగుచేయడం చూస్తే అదో పండగ. వీధి అరుగు మీద బండరాయి. పక్కన బూడిదో, కల్లుప్పో. గుప్పెడు పరిగెలు తీసుకుని రాతి మీద రుద్దితే పొలుసంతా రాలిపోతుంది. నాలుగు నీళ్లు మార్చి కడిగితే తెల్లగా మల్లెపూలలా వస్తాయి. పొట్టని వేలితో మెల్లగా నొక్కి చేదు తీసేస్తారు. తలకాయ మాత్రం పారేయరు. 'తలకాయ తీసేస్తే ఇంకేముంటుంది?' అంటారు పెద్దవాళ్లు. సైన్సు కూడా చివరికి ఆ మాటే అంది.

మట్టిదాకలో నూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. చింతపండు పులుసు తెర్లాక చేపలు వేస్తారు. ఆ తర్వాత గరిట పెట్టకూడదు. దాక అంచులు పట్టుకుని కుదపాలంతే. పులుపులో నెమ్మదిగా ఉడికేసరికి ముల్లు మెత్తబడిపోతుంది. నోట్లో పెట్టుకుంటే కరకరమనదు, కరిగిపోతుంది. వేసవిలో చింతచిగురు వస్తే చెప్పనే అక్కర్లేదు. మర్నాడు పొద్దున చద్దన్నంలోకి ఆ పులుసు ఇంకా రుచి.

ఈ వంట పద్ధతిలోనే పోషకాహార పాఠం దాగి ఉంది. పులుసులో ఉడికిస్తే నీళ్లలోకి దిగిన సారం కూడా కంచంలోకే వస్తుంది. నూనెలో కరకరలాడేలా వేయిస్తే రుచి పెరుగుతుంది కానీ విటమిన్-ఎ కొంత పోతుంది. ఎండబెడితే కాల్షియం, మాంసకృత్తులు నిలుస్తాయి, నీరు పోయి ఇంకా చిక్కబడతాయి. కానీ ఎండ తగిలి విటమిన్-ఎ చాలావరకు నశిస్తుంది. కాబట్టి ఎండు పరిగెలు ఎముకకు మంచివే, కంటికి మాత్రం పచ్చి పరిగెలే కావాలి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్లు చూసుకుని తినాలి.

'కలుపు' అని పేరుపెట్టి...

ఇంత మేలు చేసే చేపకి చెరువు భాషలో ఉన్న పేరేమిటో తెలుసా? కలుపు చేప!

వరిలో కలుపు ఎలాగో, పెంపకం చెరువులో పరిగె అలాగట. బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలేముందు చెరువు ఎండగడతారు. ఎండగట్టడం కుదరనిచోట ఇప్పపిండి లాంటివి చల్లుతారు. నీళ్లలో ఉన్న చిన్నాచితకా చేపలన్నీ తేలిపోతాయి. మేత తినేస్తాయనీ, కొన్ని రకాలు పిల్లచేపల్ని మింగేస్తాయనీ రైతు భయం. మట్టగిడస లాంటివాటి విషయంలో ఆ భయం నిజమే. ఆ లెక్కలో ఏ పాపం ఎరగని పరిగె కూడా పోతుంది.

గట్టు వేస్తే చేప రాకపోకలు ఆగుతాయి. బోదెల్లోకి ఈదుకొచ్చి గుడ్లు పెట్టే దారి మూసుకుపోతుంది. వరిమళ్లలో కొట్టే పురుగుమందు డ్రెయిన్లలోకి, డ్రెయిన్ల నుంచి కొల్లేట్లోకి. పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు కూడా అటే. ఎండాకాలంలో సరస్సులో మంచినీరు తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నుకొస్తుంది. పరిగె లాంటి చిన్న ప్రాణి ఇన్ని దెబ్బలకు ఎలా తట్టుకుంటుంది? బేసిన్లలో రకాలు తగ్గుతున్నాయంటే ఆశ్చర్యం ఏముంది?

ఇక్కడే తెలుగు భాష ఒక సంగతి గుర్తుచేస్తుంది. 'పరిగె' అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. కోత అయ్యాక చేలో రాలిపోయిన వెన్నుల్ని పరిగె అంటారు. వాటిని ఏరుకునే హక్కు బీదవాళ్లది. రైతు అడ్డుపెట్టేవాడు కాదు. నీటి పరిగె సంగతీ అలాగే ఉండేది. వరద తీశాక బోదెలో మిగిలిన చేప ఎవరు పట్టుకుంటే వాళ్లది. కౌలు లేదు, పాట లేదు. కూలికి వెళ్లొచ్చిన ఆడమనిషి సాయంత్రం ఓ బుట్ట తీసుకుని కాలవలోకి దిగితే రాత్రికి కూర అయ్యేది. డబ్బు పెట్టి కొనకుండా పిల్లల కంచంలోకి వచ్చిన పోషకాహారం అది. చేను చెరువై, చెరువు పాటకెళ్లి, కాలవ మురుగైతే పోయేది ఒక చేప జాతి మాత్రమే కాదు. బీదింట్లో అడక్కుండా దొరికిన కూర కూడా పోతుంది.

రెండూ ఒకే చెరువులో

మరి పెద్ద చేపల్ని మానేసి పరిగెల్ని పెంచాలా? అక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో ఆ ముడి కూడా విప్పారు. బొచ్చె, శీలావతి చెరువులోనే మొలాను కూడా వదిలి చూశారు. పెద్ద చేపల దిగుబడి తగ్గలేదు. మొలా తనంతట తాను గుడ్లు పెట్టి పెరుగుతూనే ఉంది. వారం వారం చిన్న వలతో కాసిని పట్టుకుని ఇంట్లో వండుకున్నారు. పెద్ద చేపల్ని బజారుకి పంపారు. డబ్బుకి డబ్బు, కూరకి కూర! పొరుగునే ఉన్న ఒడిశాలోనూ ఊరి చెరువుల్లో ఇలా కలిపి పెంచే ప్రయత్నాలు జరిగాయి.

కొల్లేటి సీమకి చెరువు కొత్త కాదు, చేప కొత్త కాదు. సంచికి చిల్లుపెట్టి మేత వేయడం కనిపెట్టిన రైతులకు ఓ మూల కాసిని పరిగెల్ని బతకనివ్వడం పెద్ద పనేం కాదు. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఇస్తున్నారు. దాని పక్కన ఎప్పుడన్నా ముల్లుతో సహా పొడికొట్టిన చేప కూడా చేరితే? చేపలు తినే ఇళ్ల పిల్లలకైనా అది చవకైన కాల్షియం అవుతుంది. ముందు జరగాల్సింది మాత్రం ఒకటే. 'కలుపు' అనే మాటని నోట్లోంచి తీసేయడం.

కొనేముందు... వండేముందు...

* కళ్లు ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. లోపలికి పోయి మసకబారితే తాజాది కాదు. పెద్ద చేపైతే మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి.

* పరిగెలు త్వరగా పాడవుతాయి. పొట్టలు పగిలి ఉంటే కొనకపోవడం మేలు. తెచ్చిన వెంటనే బాగుచేసి వండేయాలి.

* మురుగు కలిసే కాలవల్లో, ఫ్యాక్టరీ నీళ్లు చేరేచోట పట్టిన చేపలు పెద్దవైనా చిన్నవైనా మంచివి కావు. పాదరసం లాంటివి మాత్రం ఎక్కువకాలం బతికి, ఇతర చేపల్ని తినే పెద్ద చేపల్లోనే ఎక్కువగా పేరుకుంటాయి. ఆ రకంగా చిన్న చేప కొంత నయం.

* పసిపిల్లలకు పెట్టేటప్పుడు బాగా ఉడికిన పరిగెల్ని ముల్లుతో సహా మెత్తగా నూరి అన్నంలో కలపాలి. పెద్ద చేపైతే ముల్లు తీసి, వేళ్లతో నలిపి చూసి పెట్టాలి.

* మంచినీటి చేపల్ని పచ్చిగా, సగం ఉడికించి తినకూడదు. వాటిలో పరాన్నజీవులు ఉండొచ్చు. పూర్తిగా ఉడికితే భయం లేదు.

* చేపలు పడనివాళ్లు, కిడ్నీ జబ్బుతో పథ్యంలో ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి తినడం మంచిది.

పొద్దు వాలేవేళ

సాయంత్రానికి రోడ్డు పక్క గోనెపట్టాలు ఖాళీ అవుతుంటాయి. గూడబాతులు బారుకట్టి ఆటపాక చెట్ల వైపు వెళ్తుంటాయి. పొద్దున బయల్దేరిన లారీ అప్పటికి శ్రీకాకుళం వైపు దారిలో ఉంటుంది. రెండు మూడు రోజుల తర్వాత ఏదో ఒక దూరపు ఊరి బజార్లో ఆ బొచ్చెలు ముక్కలై తూకానికెక్కుతాయి.

ఇక్కడ బేసిన్‌లో అమ్ముడుపోకుండా ఓ గుప్పెడు పరిగెలు మిగిలి ఉంటాయి. బేరానికి ఎవరూ రాకపోతే ఆమె ఇంకాసేపు చూసి లేస్తుంది. గోనెపట్టా దులిపి మడుచుకుంటుంది. మిగిలినవి కొంగున ముడేసినంత భద్రంగా బేసిన్ అడుగున సర్దుకుంటుంది. అవి ఇంటికి వెళ్తాయి. రాతి మీద రుద్దుకుని, నాలుగు నీళ్లు మార్చుకుని, దాకలో పులుసవుతాయి. అమ్ముడుపోని సరుకని ఆమె అనుకోవచ్చు. ఆ రాత్రి ఆమె మనవడి కంచంలో పడేది మాత్రం, ఆ రోజు కొల్లేరు నుంచి వెళ్లిన సరుకంతటిలోకీ బలమైన కూర.

ఆ గుప్పెడు రేపు కూడా మిగలాలి. కొల్లేరు బాగుండాలని కోరుకోవడమంటే, అంతకంటే పెద్ద కోరిక ఏమీ కాదు.